నల్లప్ప బొటనవేలు

ఊరి దేవర జాతర ముగిసిన మూడో రోజు, కోడి కూసే వేళకు నల్లప్ప వేసిన కేకకు దొడ్లో గొర్రెలన్నీ లేచి నిలబడ్డాయి. పొయ్యి ముందు కూర్చున్న భార్య ఆంజినమ్మ సంగటి కట్టె చేత పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. చూస్తే మొగుడు మంచం మీద కూర్చుని, కుడికాలిని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని దాని వంకే గుడ్లప్పగించి చూస్తున్నాడు. బొటనవేలి మొదలు ఎర్రగా, నున్నగా, మాగిన టమాటాలా మెరుస్తోంది.

"తేలు కుట్టిందేమప్పా?" అంది కంగారుగా.

"తేలు కాదు. దుప్పటి తగిలింది."

"దుప్పటి తగిలితే ఇంత అరుపా?"

"నువ్వు మాట్లాడితే ఆ గాలికి గూడా నొస్తాంది. ఆ పక్కకు తిరిగి మాట్లాడు."

ఆంజినమ్మకు నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. నవ్వితే ఆ గాలి కూడా తగులుతుందేమోనని.

మామూలు మనిషికైతే ఒక వేలు వాస్తే నాలుగు రోజులు మంచం మీద ఉంటాడు, అంతే. నల్లప్ప సంగతి వేరు. కంబదూరు చుట్టుపక్కల ఊళ్లలో ఆయన చెక్కభజన గురువు. యాభై రెండేళ్లొచ్చినా కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చెక్కలు పట్టి ఇరవై మంది మధ్యలో నిలబడ్డాడంటే పడుచువాళ్లు ఆయనతో సమానంగా అడుగు వేయలేక రొప్పేవాళ్లు. పాట చివర్లో కుడికాలి బొటనవేలి మీద శరీరమంతా నిలిపి మూడు చుట్లు గిర్రున తిరిగేవాడు. ఆ తిరుగుడు కోసమే జనం చివరిదాకా కూర్చునేవాళ్లు. శ్రావణమాసం ఆఖరి శనివారం కంబదూరు హైస్కూలు మైదానంలో చెక్కభజన పోటీలు. ఇంకా మూడు నెలలే ఉంది.

దేవర మూడు రోజులూ ఊరంతా మాంసం. నల్లప్ప తలకాయ కూర తిన్నాడు, బోటి తిన్నాడు, కార్జం వేపుడు తిన్నాడు, నిమ్మకాయ పిండుకుని కాళ్ల చారు గిన్నెలు గిన్నెలు తాగాడు. మధ్యలో తాగాల్సినవి కూడా తాగాడు. ఆ తిండికీ ఈ వేలికీ సంబంధం ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

తెల్లారేసరికి ఇంటి నిండా వైద్యులే. పక్కింటి భద్రమ్మ చింతపండు, ఉప్పు నూరి వేడిచేసి తెచ్చింది. "ఇది పట్టు వేస్తే సాయంత్రానికి నువ్వు ఎగరకపోతే నన్నడుగు" అంది. సాయంత్రం దాకా ఆగాల్సిన పని లేకపోయింది. పట్టు తగలగానే నల్లప్ప మంచం మీదే ఎగిరాడు. దిష్టి తగిలిందని ఒకరు, నరం బెసికిందని ఒకరు తేల్చారు. భజన దళంలో డోలు వాయించే తిప్పేష్ మాత్రం గురువు వేలిని వంగి వంగి చూసి, "అన్నా, ఇది మనతో అయ్యే పని కాదు. కల్యాణదుర్గం పోదాం పా" అన్నాడు.

ఆటోలో వెళ్తుంటే గతుకు గతుకుకీ నల్లప్ప ఒక్కో దేవుణ్ణి పిలిచాడు. కల్యాణదుర్గం చేరేసరికి తెలిసిన దేవుళ్లంతా అయిపోయి, పక్క తాలూకా దేవుళ్ల దగ్గరికి వచ్చాడు.

డాక్టర్ అర్చన క్లినిక్ బస్టాండు వెనక సందులో ఉంది. తిప్పేష్ భుజం మీద చెయ్యి వేసి కుంటుతూ లోపలికి అడుగుపెట్టిన నల్లప్ప గుమ్మంలోనే ఆగిపోయాడు. మూల బెంచీ మీద, తలకు తువ్వాలు చుట్టుకుని, ఎవరికీ కనపడకూడదన్నట్టు గోడవైపు తిరిగి నరసింహప్ప కూర్చుని ఉన్నాడు.

నరసింహప్ప కొండకు అవతలి ఊరి చెక్కభజన గురువు. నల్లప్ప కంటే మూడేళ్లు పెద్ద. పన్నెండేళ్లుగా కంబదూరు పోటీల్లో మొదటి బహుమతి అయితే నల్లప్ప దళానికి, లేకపోతే నరసింహప్ప దళానికి. ఇద్దరూ ఎదురుపడితే మర్యాదగా పలకరించుకుంటారు, పక్కకు వెళ్లాక ఒకరి అడుగుల్ని ఒకరు వెక్కిరిస్తారు.

నల్లప్ప వెంటనే తిప్పేష్ భుజం వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పళ్లు బిగించి నవ్వాడు.

"ఏం నరసింహప్పన్నా, ఈడికి వచ్చినావే?"

"మా ఆడమనిషికి జరం. రిపోర్టు తీసకపోదామని వచ్చినా" అన్నాడు నరసింహప్ప, కుడికాలిని బెంచీ కిందికి మెల్లగా లాక్కుంటూ. "నువ్వేంది?"

"నాకేముందన్నా! ఈ తిప్పేష్‌కు కడుపునొప్పి. తోడు వచ్చినా."

తిప్పేష్ నోరు తెరవబోయి, గురువు మోచేతి పోటుకి పొట్ట పట్టుకున్నాడు. చూసేవాళ్లకు అది నిజంగా కడుపునొప్పిలాగే ఉంది.

అంతలో, తిప్పేష్ ఆటోలోంచి ఫోన్ చేసి రాయించిన చీటీతో కలిపి రెండు చీటీలు పట్టుకున్న నర్సు గది బయటికొచ్చి గొంతెత్తి పిలిచింది. "బొటనవేలు వాపు, నరసింహప్ప! ఆ తర్వాత బొటనవేలు వాపు, నల్లప్ప! ఇద్దరూ చెప్పులిడిసి రెడీగా ఉండండి."

నల్లప్ప నరసింహప్ప కాలి వంక చూశాడు. నరసింహప్ప నల్లప్ప కాలి వంక చూశాడు. నరసింహప్ప చెప్పు ముందు భాగం కత్తెరతో కోసేసి ఉంది. అందులోంచి మరో మాగిన టమాటా తొంగిచూస్తోంది.

"నీ ఆడమనిషి జరం వేలికి దిగిందా అన్నా?" అన్నాడు నల్లప్ప.

"నీ పిల్లోని కడుపునొప్పి నీ కాలికి దిగినట్లే" అన్నాడు నరసింహప్ప.

అంతే, ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వితే కాలు అదురుతోంది, అదిరితే నొప్పి, నొప్పికి అరుపు, ఆ అరుపు చూసి మళ్లీ నవ్వు. బెంచీ మీద మిగతా రోగులు వీళ్లకు పిచ్చి పట్టిందనుకుని రెండు జానలు పక్కకు జరిగారు.

అర్చన ఇద్దరి వేళ్లనూ ముట్టుకోకుండానే, వంగి చూసి, "గౌట్" అంది. "ఒక రకం కీళ్లవాతం. తేలు లేదు, దిష్టి లేదు. ముందు వాపు తగ్గడానికి మాత్రలిస్తాను. సోమవారం పరగడుపున రండి, రక్తం చూద్దాం."

సోమవారానికి వాపు సగం తగ్గింది. చెప్పు వేసుకోగలుగుతున్నానన్న సంతోషంలో నల్లప్ప ఆంజినమ్మను కూడా బస్సెక్కించుకుని వచ్చాడు. ల్యాబ్‌లో అభిలాష్ అనే కుర్రవాడు రక్తం తీసి, కాసేపు మిషన్లో తిప్పి, సన్నటి గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి ఆశ్చర్యపోయాడు. రక్తం మీద తేలాల్సిన పల్చటి పసుపు నీళ్ల బదులు తెల్లగా ఏదో నిలబడి ఉంది.

"అన్నా, నిజం చెప్పు. పొద్దున్నే పాలు తాగొచ్చినావా?"

"నీళ్లు గూడా తాగలేదప్పా."

"మరి ఇదేంది, మజ్జిగ మాదిరి?"

ఆంజినమ్మ ముందుకొంగి ఆ గొట్టం చూసింది. "మజ్జిగ కాదు నాయనా. మా ఊరి దేవర" అంది.

మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. అర్చన ఒకసారి చదివి, కళ్లద్దాలు సర్దుకుని, మళ్లీ చదివింది. అనంతపురం టౌన్లో పుట్టి పెరిగిన మనిషే అయినా, ఊళ్లనుంచి వచ్చేవాళ్లతో ఓపికగా మాట్లాడుతుందని ఆమెకు పేరు.

"నల్లప్పన్నా, మీ రక్తంలో రెండు గొడవలున్నాయి. ఒకటి యూరిక్ ఆసిడ్. ఏడు లోపల ఉండాలి. మీకు తొమ్మిది పాయింట్ మూడు. అది ఎక్కువైతే రక్తంలో కరగకుండా సన్నటి సూదుల్లాగా తయారై కీళ్లల్లో చేరుతుంది. బొటనవేలంటే దానికి మరీ ఇష్టం. రెండోది ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో కొవ్వు. నూట యాభై దాటకూడదు. మీకు ఆరు వందల పన్నెండు. గొట్టంలో తెల్లగా కనపడింది అదే. చాలామందికి ఈ రెండూ జంటగానే వస్తాయి."

"ఇప్పుడు ఎట్లమ్మా? రెండిటికీ రెండు రకాల మాత్రలా?"

"కొవ్వుకు మాత్ర ఎటూ తప్పదు. ఇంత ఎక్కువుంటే కడుపులో క్లోమం వాచే ప్రమాదం ఉంది. దానికి ఫెనోఫైబ్రేట్ అని ఒక మాత్ర ఇస్తాను. దాని మంచి గుణం ఏంటంటే, అది కిడ్నీలకు చెప్పి యూరిక్ ఆసిడ్‌ను కూడా ఒంటికి పోయేటప్పుడు బయటికి తోయిస్తుంది. కొవ్వూ దిగుతుంది, యూరిక్ ఆసిడూ కొంత దిగుతుంది."

నల్లప్ప ముఖం వెలిగిపోయింది. "ఒకే టికెట్టుకు రెండు సినిమాలు!"

"అట్లే అనుకోండి. కానీ ఇది అందరికీ ఇచ్చే మాత్ర కాదు. మీ కిడ్నీలు, లివరు బాగున్నాయి కాబట్టి ఇస్తున్నాను. యూరిక్ ఆసిడ్ ఆరు లోపలికి రావాలి. దీంతో రాకపోతే దానికని వేరే అసలు మాత్ర ఉంది, అది కూడా కలుపుతాను. ఇంకో చిన్న మాత్ర మూడు నెలలు వేసుకోవాలి. అది కాపలా. మళ్లీ వాపు రాకుండా చూస్తుంది. కండరాలు పీకినట్టున్నా, నీరసంగా ఉన్నా వెంటనే నాకు చెప్పాలి. నీళ్లు రోజుకు మూడు లీటర్లు తాగాలి. సారా, బీరు బంద్."

"తలకాయ కూర?"

"వద్దు."

"బోటి?"

"వద్దు."

"కాళ్ల చారు మంచిదంటారు గదమ్మా, ఎముకలకు..."

"మీ కాళ్లు బాగుండాలంటే గొర్రె కాళ్ల జోలికి పోకూడదు."

ఆంజినమ్మ పక్కనుంచి ఒక్కొక్క "వద్దు"కూ తృప్తిగా తల ఊపుతూ వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో తన మాటకు ఇంత బలమైన సాక్ష్యం ఆమెకు ఎప్పుడూ దొరకలేదు.

బయట బెంచీ మీద నరసింహప్ప తన కాగితాలు పట్టుకుని కాచుకుని ఉన్నాడు. "నీదెంత?" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా.

"తొమ్మిది పాయింట్ మూడు" అన్నాడు నల్లప్ప. అనగానే ఎందుకో గర్వంగా అనిపించింది.

"నాది ఎనిమిది పాయింట్ ఎనిమిది." నరసింహప్ప కాస్త చిన్నబుచ్చుకున్నాడు. "కొవ్వు?"

"ఆరునూర్ల పన్నెండు!"

"నూట నలభై" అన్నాడు నరసింహప్ప నీరసంగా. తర్వాత, ఓడిపోయింది తానో గెలిచింది తానో అర్థం కాక తల గోక్కున్నాడు. "నాకు కొవ్వు లేదంట. బీపీ ఉండాదంట, కిడ్నీలు రవ్వంత వీకంట. అల్లోప్యూరినాల్ అని ఇచ్చింది. తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాదంట."

"నాది ఒకే టికెట్టుకు రెండు సినిమాలన్నా" అని నల్లప్ప తన మాత్రల అట్ట చూపించాడు.

నరసింహప్ప ఆ అట్టను ఆశగా చూశాడు. "నాకూ ఒకటియ్యి నల్లప్పా. వేసుకుని చూస్తా."

నల్లప్ప చెయ్యి ముందుకు సాగింది కూడా. గురువుల మధ్య ఎన్ని పోట్లాటలున్నా, అడిగితే లేదనే రకం కాదు ఆయన. కానీ ఆంజినమ్మ ఆ అట్టను టక్కున లాక్కుని రొంటిన దోపుకుంది.

"డాక్టరమ్మ ఏం చెప్పింది? కిడ్నీలు బాగుంటేనే అని చెప్పలా? నరసింహప్పన్నా, నీ మాత్ర నీది, ఈయన మాత్ర ఈయనది. ఇదేమన్నా బీడీనా, ఒకరిది ఒకరు కాల్చుకోను?"

ఇద్దరు గురువులూ బడి పిల్లల్లా తలలు దించుకున్నారు.

ఆ తర్వాత నల్లప్ప జీవితం నీళ్ల చుట్టూ తిరిగింది. ఆ ఏడు మబ్బులు వచ్చినట్టే వచ్చి కర్ణాటక వైపు పోయాయి. వేరుశనగ విత్తడానికి అదను కోసం ఊరంతా ఆకాశం వంక చూస్తుంటే, నల్లప్ప మాత్రం రెండు లీటర్ల కూల్‌డ్రింకు బాటిల్ నిండా నీళ్లు నింపుకుని, దాని మూతికి తాడు కట్టి భుజాన తగిలించుకుని గొర్రెల వెంట గుట్టకు పోయేవాడు. గంటకొకసారి పొద చాటుకు పోయి వచ్చి, మేకల కాపర్లకు చెప్పేవాడు: "పోతాంది, పోతాంది. యూరిక్ ఆసిడ్ పోతాంది!"

"ఈ కరువు సీమలో నీళ్లు తాగేది ఆ పొదొక్కటే అన్నా" అని తిప్పేష్ వెక్కిరిస్తే, "నవ్వురా, నవ్వు. నా పొద పచ్చగా అయినాక చూడు" అనేవాడు.

ఆంజినమ్మ పొద్దున రాగి సంగటి, ఆకుకూర పప్పు పెట్టేది. సాయంత్రం కొర్రన్నం, మజ్జిగ. మాత్ర తిన్నాక వేసుకోవాలని డాక్టరు చెప్పింది కాబట్టి, ఆమె మొగుడి ఎదురుగా కూర్చుని ఆయన గొంతులో మాత్ర దిగే వరకూ కదిలేది కాదు. మొదట్లో ఆయనకు సారా మీదికి, బోటి మీదికి మనసు లాగింది. నెల తిరిగేసరికి పంచె వదులైంది. అడుగు తేలికైంది. ఆషాఢంలో చెక్కలు పట్టి మళ్లీ సాధన మొదలుపెట్టాడు. తొలి రోజే బొటనవేలి మీద ఒక చుట్టు తిరిగాడు. పదో రోజుకు రెండు చుట్లు. ఊళ్లో ఎవరు కనపడినా ఆపి తన మాత్ర మహిమ చెప్పేవాడు. మోకాలి నొప్పి ఉన్న భద్రమ్మకు, ఈనని ఆవుకు, కదలని ట్రాక్టరుకు కూడా ఆ మాత్ర పనిచేస్తుందన్నంత ధీమా వచ్చింది ఆయనకు.

ఆ ధీమాలోనే తప్పు చేశాడు. వాపు లేదు, నొప్పి లేదు, ఇక కాపలా ఎందుకు అనుకున్నాడు. చిన్న మాత్రను ఆంజినమ్మ ముందు నోట్లో వేసుకుని, మింగినట్టు గుటక వేసి, ఆమె వెనుదిరగగానే ఉమ్మేసేవాడు. పది రోజులు అలా గడిచాయి. పోటీలు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయనగా, ఒక ఉదయం మళ్లీ అదే వేలు, అదే ఎరుపు.

ఈసారి ఆయన కేక వేయలేదు. నోట్లో తువ్వాలు కుక్కుకుని కూర్చున్నాడు. నొప్పి కంటే అవమానం ఎక్కువగా ఉంది. ఊరంతా చాటింపు వేసింది తనే కదా. "అంతా మోసం. సినిమా లేదు, టికెట్టు లేదు" అనుకుని పెద్ద మాత్రను కూడా మానేశాడు. దళం సాధనకు వస్తే అరుగు మీద కుర్చీ వేయించుకుని, కాలిని నీళ్ల బకెట్‌లో పెట్టుకుని, "ఈరోజు నుంచి నేను చూస్తా, మీరు ఎగరండి. గురువు అంటే చూసేవాడు" అన్నాడు. ఆంజినమ్మ అడిగితే కాలు కడుక్కుంటున్నానన్నాడు. మూడు రోజులు వరసగా ఒకే కాలు కడుక్కునే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక మోటారు సైకిల్ వచ్చి ఇంటి ముందు ఆగింది. నరసింహప్ప దిగాడు.

"పొట్టేలు ఏమన్నా ఉంటే చూద్దామని వచ్చినా" అన్నాడు, దొడ్డి వైపు ఒక్కసారైనా చూడకుండా. ఆయన కళ్లు తిన్నగా బకెట్ మీదికి పోయాయి. దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

నల్లప్ప తల వంచుకున్నాడు. ఇక కొండ అవతలి ఊరి నుంచి కంబదూరు సంత దాకా తన వేలి కథ చెప్పుకుని నవ్వుతారనుకున్నాడు.

నరసింహప్ప నవ్వలేదు. అరుగు మీద పక్కనే కూర్చున్నాడు. "నాకూ పోయిన నెల మళ్లీ వచ్చింది" అన్నాడు మెల్లగా.

నల్లప్ప తలెత్తాడు. "నిజంగానా?"

"అబద్ధమాడితే నా చెక్కలు పగిలిపోనీ. మాత్ర పనిచెయ్యలేదని తిట్టుకుంటా డాక్టరమ్మ దగ్గరికి పోయినా. ఆయమ్మ చెప్పింది, యూరిక్ ఆసిడ్ దిగేటప్పుడు ఎన్నో ఏండ్లుగా కీలులో పేరుకుపోయిన పాత సూదులు కదిలి కరుగుతాయంట. ఆ కదలికకు మళ్లా వాపు వస్తాదంట. మందు పనిచేస్తాంది కాబట్టే వచ్చింది, దానికే కాపలా మాత్ర, ఆపొద్దు అన్నది. నువ్వు ఆపలేదు గదా?"

నల్లప్ప ఆంజినమ్మ వంక దొంగచూపు చూశాడు. ఆమె గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"రెండూ ఆపినా" అన్నాడు చిన్న గొంతుతో.

ఆ తర్వాత ఆంజినమ్మ మాట్లాడినదంతా ఇక్కడ రాయక్కర్లేదు. పక్కింటి భద్రమ్మే కాదు, రెండు వీధుల అవతలి వాళ్లు కూడా పని ఆపుకుని విన్నారు. అది ముగిసేసరికి నరసింహప్ప నల్లప్పను రెండు చేతులా లేపి మోటారు సైకిల్ వెనక కూర్చోబెట్టాడు. వాచిన కాలును పక్కకు చాపుకుని, ఒక గురువు భుజాలు పట్టుకుని ఇంకో గురువు పోతుంటే, దారి పొడవునా రెండు ఊళ్ల జనం పనులు ఆపి చూశారు. చెక్కభజనలో ఇద్దరూ కలిసిపోయారని కంబదూరులో సాయంత్రానికి పుకారు పుట్టింది.

అర్చన కోపంగా చూసింది, కానీ వేలు చూసి మెత్తబడింది. వాపుకు మందిచ్చి, రెండు మాత్రలూ మళ్లీ మొదలుపెట్టించింది. "నొప్పి పోయిందని మందు ఆపడం కాదు, నెంబరు చూసి నేను చెప్పినప్పుడు ఆపాలి. ఈసారి ఉమ్మేస్తే ఆంజినమ్మక్కను ఇక్కడ నర్సుగా పెట్టుకుంటాను" అంది. ఆ బెదిరింపు పనిచేసింది.

వారంలో వాపు పోయింది. శ్రావణమాసపు చివరి శుక్రవారం ఇద్దరూ మళ్లీ పరగడుపున రక్తం ఇచ్చారు. అభిలాష్ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూపించాడు. మజ్జిగ లేదు. రక్తం మీద పల్చటి లేత పసుపు, నిమ్మరసంలా తేటగా ఉంది.

"ట్రైగ్లిజరైడ్స్ నూట ఎనభై ఆరు" అని చదివింది అర్చన. "ఇంకా కొంచెం దిగాలి, కానీ ఆరు వందల నుంచి వచ్చాం కదా. యూరిక్ ఆసిడ్ ఐదు పాయింట్ తొమ్మిది. వేరే మాత్ర కలపాల్సిన పని లేదు, ఇప్పటికైతే."

నల్లప్ప గదిలోనే చెప్పులు విడిచి, పంచె ఎగదోపి, చేతుల్లో లేని చెక్కలు వాయిస్తూ రెండడుగులు ముందుకీ రెండడుగులు వెనక్కీ వేశాడు. మూడో అడుగుకి బరువు తూచే మిషన్ ఎక్కాడు, నాలుగో అడుగుకి దిగాడు. బయటి రోగులు తలుపు సందులోంచి చూసి చప్పట్లు కొట్టారు.

"నీదెంతన్నా?" అని అరిచాడు బయటికొస్తూ.

"ఐదు పాయింట్ ఎనిమిది!" అన్నాడు నరసింహప్ప, కాగితాన్ని జెండాలా ఊపుతూ.

"పాయింట్ ఒకటి తేడా!" అని నల్లప్ప తల పట్టుకున్నాడు. "పోనీలే, రేపు మైదానంలో చూసుకుందాం."

శనివారం హైస్కూలు మైదానంలో ఇసక వేస్తే రాలనంత జనం. మూడు దళాలు మిగిలాయి. నల్లప్పది, నరసింహప్పది, సోమందేపల్లె నుంచి కొత్తగా వచ్చిన ఆడవాళ్ల దళం. ఆ దళానికి గురువు పుష్పావతి అనే ముప్పై ఏళ్ల మనిషి. మగవాళ్ల చెక్కభజనలోకి ఆడవాళ్లు రావడమేమిటని ఉదయం నుంచి కొందరు గొణుగుతున్నారు.

నల్లప్ప దళం ముందుగా దిగింది. తిప్పేష్ డోలు మీద చెయ్యి వేయగానే ఇరవై జతల గజ్జెలు ఒక్కటై మోగాయి. మధ్యలో నల్లప్ప ఇరవై ఏళ్లవాడిలా ఎగిరాడు. కానీ పొద్దున్నుంచి గాభరాలో ఆయన మూడు లీటర్లకు బదులు ఐదు లీటర్లు తాగి ఉన్నాడు. రెండో చరణానికి ఒళ్లు బిగదీసుకున్నాడు. మూడో చరణానికి కళ్లు పెద్దవయ్యాయి. నాలుగో చరణానికి ఆగలేక, అడుగు తప్పకుండా, తాళం వేసుకుంటూనే, వలయంలోంచి బయటికి ఎగురుకుంటూ పోయి స్కూలు గోడ వెనక మాయమయ్యాడు. ఇది కొత్త రకం అడుగు అనుకుని జనం ఈలలు వేశారు.

గోడ వెనక నరసింహప్ప ముందే నిలబడి ఉన్నాడు.

"నువ్వూనా?"

"తర్వాత వంతు నాది గదా. ముందే వచ్చినా."

"పోతాందా అన్నా?"

"పోతాంది నల్లప్పా, పోతాంది!"

ఇద్దరూ పగలబడి నవ్వి, ఆ నవ్వు తగ్గించుకుని నల్లప్ప వచ్చేసరికి పాట అయిపోయింది. గురువు తిరగాల్సిన మూడు చుట్లూ తిరగకుండానే దళం ముగించేసింది. నరసింహప్ప దళమూ దిగింది, కానీ వాళ్ల గురువుకు నవ్వు ఆగక, పాట ఎత్తుకోబోయినప్పుడల్లా గొంతు జారింది. చివరికి పుష్పావతి దళం దిగింది. పది నిమిషాల పాటు మైదానంలో ఎవరూ గొణగలేదు, కదలలేదు. పద్దెనిమిది మంది ఆడవాళ్ల పాదాలు ఒకే మనిషి పాదాల్లా నేలను తాకి లేచాయి. మొదటి బహుమతి ఎవరికని జడ్జీలు పెద్దగా ఆలోచించలేదు.

పన్నెండేళ్లలో మొదటిసారి ఇద్దరు గురువులూ ఖాళీ చేతులతో మైదానం అంచున కూర్చున్నారు. బాధపడాలని ఇద్దరూ ప్రయత్నించారు. కుదరలేదు. అప్పుడు పుష్పావతి చెక్కలు పట్టుకుని వాళ్ల దగ్గరికే వచ్చింది.

"నల్లప్ప మామా, బొటనవేలి మీద తిరుగుడు అంటారే, దాన్ని చూడాలనే ఇంత దూరం వచ్చినాం. ఈరోజు తిరగలేదేమి?"

నల్లప్ప ఆమె వంక, తర్వాత తన వేలి వంక చూసుకున్నాడు. లేచి నిలబడ్డాడు. "అన్నా, తాళం పట్టు" అన్నాడు. నరసింహప్ప తాళం పట్టాడు. పద్దెనిమిది మంది ఆడవాళ్లూ వాళ్ల చుట్టూ వలయం కట్టారు. తిప్పేష్ ఎక్కడినుంచో డోలుతో పరుగెత్తుకొచ్చాడు.

నల్లప్ప కుడికాలి బొటనవేలి మీద శరీరమంతా నిలిపాడు. ఒక చుట్టు. రెండు. మూడు. జనం అరుస్తుంటే నాలుగోది కూడా తిరిగాడు. కళ్లు తిరిగి, పంచె జారబోతే చేత్తో పట్టుకుని, నరసింహప్ప మీద పడి, ఇద్దరూ కలిసి నేల మీద కూలబడి, లేవడానికి కూడా ఓపిక లేనంతగా నవ్వారు. ఆంజినమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, వాళ్లిద్దరి మీదికీ వంగి చూసి, ఆమె కూడా నడుం పట్టుకుని నవ్వసాగింది.